సాకెట్ కలిస్తే సరిపోదు అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు, కంప్యూటర్‌లో మదర్‌బోర్డ్ (పార్టులన్నీ గుచ్చే పెద్ద బోర్డ్) పోయినట్టుందని ఏడుపు గొంతుతో మాట్లాడేసరికి నాకూ సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ సిస్టం అంటే నీకెంతో నాకు తెలుసు. 2018 దసరాకి మీ నాన్నా నేనూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మొత్తం తిరిగి ఒక్కో పార్ట్ ఏరుకొచ్చాం, కరీంనగర్లో మీ హాల్లో కూర్చుని బిగిస్తుంటే స్క్రూలన్నీ నువ్వే అందించావు. ఇప్పుడు దాని మీదే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి ఇంటికి ఆసరా అయ్యావు. చేతిలో రెండు పెళ్ళిళ్ళ పని ఉంది, కంగారు ఉంటుంది, కాదనను. కానీ ఆ కంగారులోనే రాంగ్ బోర్డ్ కొనేస్తారు అందరూ. ఇది మొత్తం చదివాక డబ్బులు కట్టు.

ముందు పోయింది బోర్డేనా అన్నది గట్టిగా తేలాలి. వేరే ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా) పెట్టి చూశారన్నావు, మంచిది. ఇంకోసారి ప్లగ్ పీకేసి, గ్రాఫిక్స్ కార్డ్, హార్డ్ డిస్క్ అన్నీ తీసేసి, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి, దాని బంగారు రంగు కాళ్ళు రబ్బరుతో మెల్లగా తుడిచి, బోర్డ్ మీద ఉన్న కాయిన్ సెల్ ఒక ఐదు నిమిషాలు తీసి మళ్ళీ పెట్టి ఆన్ చెయ్యి. మానిటర్ కేబుల్ బోర్డ్ వెనకాల ఉన్న హెచ్‌డీఎంఐకే పెట్టు, నీ ప్రాసెసర్ ఐ5-8400 లోపలే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి డిస్‌ప్లే రావాలి. (చివర్లో ఎఫ్ ఉండే ప్రాసెసర్లకి, 9400ఎఫ్ లాంటి వాటికి ఇలా రాదు, అది తెలియక బోర్డ్ పోయిందనుకుని పారేసినవాళ్ళని చూశా.) ర్యామ్‌ని రెండో స్లాట్‌లో కూడా పెట్టి చూడు. అప్పటికీ రాకపోతే, ప్రాసెసర్ పక్కన ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయేమో చూడు, ఉబ్బితే ఇక డౌటే లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గర షాపతను హెచ్110 బోర్డ్ తక్కువలో ఇస్తాను, అదే 1151 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గుంట), పట్టేస్తుంది అన్నాడని చెప్పావు చూడు, ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. ఇదే మాట నమ్మి ఏడేళ్ళ కింద నేనే మోసపోయాను. ఒక స్కూల్ వాళ్ళ సిస్టంకి, సేమ్ నీ ప్రాసెసరే, ఒక షాపులో 1151 కదా అని ఇస్తే తెచ్చి బిగించా, ప్రాసెసర్ చక్కగా కూర్చుంది, లివర్ పడింది, ఫ్యాన్ తిరిగింది, డిస్‌ప్లే మాత్రం లేదు. సాయంత్రం దాకా ర్యామ్ మార్చి, ఎస్ఎంపీఎస్ మార్చి, చివరికి ప్రాసెసరే పోయిందేమో అని వాళ్ళకి ఫోన్ కూడా చేశా. తీరా చూస్తే అన్నీ బానే ఉన్నాయి, ఆ బోర్డే ఆ ప్రాసెసర్‌ది కాదు. షాపువాడు సీల్ తీశారు సార్ అని వాపస్ తీసుకోలేదు, ఆ డబ్బు నా జేబులోంచే పోయింది.

సంగతేంటంటే ఇంటెల్ ప్రాసెసర్లలో 6, 7 జనరేషన్లూ 8, 9 జనరేషన్లూ (నీ 8400 ఎనిమిదోది) అన్నీ ఎల్‌జీఏ 1151 లోనే కూర్చుంటాయి, గుంట ఒకటే, పిన్నుల లెక్క ఒకటే. కానీ 8వ జనరేషన్‌లో కోర్లు పెరిగాయి, మన ఐ5 కి ఆరు కోర్లు, అంతకుముందు ఐ5 లకి నాలుగే. దానికి కరెంటు ఎక్కువ కావాలని ఇంటెల్ వాళ్ళు అంతకుముందు ఖాళీగా వదిలిన పిన్నుల్లో కొన్నిటిని కరెంటుకి ఇచ్చేశారు. అందుకే 100, 200 సిరీస్ బోర్డులు, అంటే హెచ్110, బి150, బి250, జెడ్270 ఇవేవీ నీకు పనికిరావు, ఫ్రీగా ఇచ్చినా తీసుకోకు. నీకు కావాల్సింది 300 సిరీస్: హెచ్310, బి360, బి365, హెచ్370, జెడ్370, జెడ్390. ఈ బోర్డులు నీ 8వ జనరేషన్‌తోనో దాని తర్వాతో పుట్టాయి కాబట్టి బయోస్ (బోర్డ్‌ని లేపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తేనే లేస్తుంది అనే తలనొప్పి కూడా నీకు లేదు. అదే నీ ఫ్రెండ్ ఏఎండీ వాళ్ళ రైజెన్ ప్రాసెసర్ సిస్టం అయితే వేరే కథ, అక్కడ ఏఎం4 సాకెట్ ఏళ్ళ తరబడి అదే నడిచింది, పాత బి450 బోర్డ్‌లో రైజెన్ 5600 పెట్టాలంటే ముందు బయోస్ మార్చాలి, కొత్త బి550 లో మొదటి రైజెన్లు అసలు నడవవు. అక్కడా ఇక్కడా పని చేసే మందు ఒకటే.

ఆ మందేంటంటే సీపీయూ సపోర్ట్ లిస్ట్. బోర్డ్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో ప్రతి మోడల్‌కీ సపోర్ట్ అనే పేజీ ఉంటుంది, దాంట్లో ఏ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో వరసగా రాసుంటారు. షాపువాడి నోటిమాట కాదు, డబ్బా మీద స్టిక్కర్ కాదు, ఆ పేజీలో ఐ5-8400 అని నీ కళ్ళతో చూడాలి. బోర్డ్ పూర్తి పేరు అక్షరం కూడా తేడా లేకుండా కొట్టు, చివర్లో ఎం అనో డీ2 అనో ఉంటే అది కూడా, మూలన రెవ్ 1.0, రెవ్ 2.0 అని ఉంటే అదీ చూడు, రివిజన్ మారితే లిస్టే మారిపోతుంది కొన్నిసార్లు.

300 సిరీస్‌లో ఏది అంటే, నీ పనికి బి360 గానీ బి365 గానీ దొరికితే అదే తీసుకో. మన పాత హెచ్310 లో ర్యామ్ స్లాట్లు రెండే, నువ్వు 8 జీబీవి రెండు పెట్టుకుని ఇంక పెంచడానికి చోటు లేక ఇబ్బంది పడ్డావు కదా, బి360 లో చాలావాటికి నాలుగుంటాయి (కొన్నిట్లో రెండే, ఫోటో చూసి లెక్కపెట్టు). ఇంకోటి, హెచ్310 బోర్డులు కొన్నిట్లో ఎం.2 స్లాటే (సన్న పట్టీలాంటి ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు) ఉండదు, ఉన్నా ఆ చిప్‌సెట్ పాత పీసీఐఈ 2.0 స్పీడే ఇస్తుంది, నువ్వు కొందామనుకున్న ఎన్‌వీఎంఈ డ్రైవ్ పూర్తి స్పీడ్ రాదు. వీడియో ఎడిటింగ్ చేసేదానివి, ఆ తేడా రోజూ తెలుస్తుంది.

ర్యామ్ నీది డీడీఆర్4, 300 సిరీస్‌లో దాదాపు అన్నీ అదే, అయినా ఫోటోలో ఒకసారి చూసుకో. సైజు విషయానికొస్తే మన క్యాబినెట్‌లో మైక్రో ఏటీఎక్స్ దాకా పడుతుంది, అంటే 244 మిల్లీమీటర్ల చదరం. పూర్తి ఏటీఎక్స్ 305 పొడుగు, అది పట్టదు. పాత బోర్డ్ తీశాక కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డ్‌ని ఎత్తి పట్టే, స్క్రూ దిగే చిన్న కాళ్ళు) కనిపిస్తాయి, కొత్త బోర్డ్‌ని ఖాళీగా పైన ఆనించి చూసి, కన్నం లేని చోట ఉన్న స్టాండాఫ్ తప్పకుండా విప్పెయ్యి. అది వెనకాల తగిలి షార్ట్ అయితే కొత్త బోర్డ్ కూడా మొదటిరోజే పోతుంది. చవక బోర్డులు వెడల్పు తక్కువుంటాయి, కుడివైపు అంచుకి స్క్రూ పడదు, అక్కడ 24 పిన్ కేబుల్ గుచ్చేటప్పుడు కింద వేలు ఆనించి నొక్కు, బోర్డ్ వంగనివ్వకు.

ఆఫీసుల బ్రాండెడ్ సిస్టంల్లోంచి ఊడబీకిన బోర్డులు కూడా చవకగా చూపిస్తారు, వాటి జోలికి వెళ్ళకు, చాలావాటికి పవర్ కనెక్టరే వేరు, మన ఎస్ఎంపీఎస్ పట్టదు. మామూలు సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం తప్పులేదు, 300 సిరీస్ కొత్తవి దొరకడం ఇప్పుడు కష్టమే. కానీ సాకెట్ మూత తీయించి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి పిన్నులు చూడు, అన్నీ ఒకే వరసలో మెరవాలి, ఒక్కటి వంగినా వద్దు. నీ ప్రాసెసర్‌నే పెట్టి డిస్‌ప్లే చూపించమను, ర్యామ్ స్లాట్లన్నీ విడివిడిగా పనిచేస్తున్నాయో చూడు. చూపించనంటే వచ్చెయ్యి.

ఇంకో దారి కూడా చెప్తాను, మీ నాన్నతో మాట్లాడు. వాడిన బి365 కి బాగా ఎక్కువ అడుగుతుంటే, 12వ జనరేషన్ ఐ3-12100, దానికి హెచ్610 బోర్డ్ కొత్తవి తీసుకోవచ్చు. కోర్లు నాలుగే అయినా నీ పాత ఐ5 కంటే వెనకబడదు, డబ్బాలో ఫ్యాన్ వస్తుంది, బోర్డ్‌కి మామూలుగా 3 ఏళ్ళు వారంటీ ఉంటుంది. కొనేటప్పుడు డీడీఆర్4 హెచ్610 అని నొక్కి చెప్పు, డీడీఆర్5 ది కూడా అదే పేరుతో ఉంటుంది, అది తెచ్చుకుంటే నీ ర్యామ్ దండగ, ర్యామ్ రేట్లు చూశావుగా ఎలా మండుతున్నాయో. నాకడిగితే పాత బోర్డ్ రేటు కొత్త సెట్‌లో సగం దాటితే కొత్తదే మేలు అంటా.

నీ ఫైళ్ళ గురించి భయపడకు, అవి డిస్క్‌లో ఉన్నాయి, బోర్డ్‌లో లేవు. బోర్డ్ మారాక విండోస్ యాక్టివేషన్ అడగొచ్చు, నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్నావు కాబట్టి సెట్టింగ్స్‌లో ట్రబుల్‌షూటర్ నుంచి మళ్ళీ కలుపుకోవచ్చు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది ఇప్పుడే ఫోన్లోంచి అదే అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసి పెట్టుకో, తర్వాత వెతుక్కోవద్దు.

బిగించేముందు పాత బోర్డ్‌ని కేబుళ్ళతో సహా నాలుగు వైపుల నుంచి ఫోటోలు తియ్యి, ముఖ్యంగా పవర్ బటన్ సన్న వైర్లు ఎక్కడ గుచ్చున్నాయో. ప్రాసెసర్ మాత్రం కొత్త బోర్డ్‌లో పెట్టి చూసేదాకా సాకెట్‌లోంచి తీయకు, అక్కడే భద్రం. బోర్డ్ పేరు తేలగానే ఆ సపోర్ట్ పేజీ స్క్రీన్‌షాట్ నాకు వాట్సాప్ చెయ్యి, నేను చూసి సరే అన్నాకే డబ్బులు కట్టు. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా, థర్మల్ పేస్ట్ నేను తెస్తాను, నువ్వు కొనకు.

మీ మామయ్య