గొడవ సద్దుమణిగిందా, సర్దుమణిగిందా?

సందేహం: ఒక నవల మీద వ్యాసం రాశాను. "రెండు కుటుంబాల మధ్య సంఘర్షణ చివరికి సర్దుమణిగింది, శాంతి నెలకొంది" అని ముగించాను. చదివిన మిత్రుడు అది సంఘర్షణ కాదు ఘర్షణ అన్నాడు, సర్దుమణిగింది తప్పన్నాడు, గొడవ ఆగితే శాంతి వచ్చినట్టేనా అని కూడా అడిగాడు. పైగా వ్యాసంలో సాంస్కృతిక సంక్షోభం, సాంస్కృతిక కల్లోలం అని రెండు రకాలుగా రాశాను. ఇవన్నీ ఒకటే కాదా? మనశాంతి, మనశ్శాంతి, ఈ రెండింట్లో ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడి మూడు అభ్యంతరాల్లో రెండు నిలుస్తాయి. సంఘర్షణ విషయంలో మాత్రం నేను మీ పక్షం.

ముందు తేలిగ్గా తేలేది చూద్దాం. సద్దుమణిగింది అన్నదే ఒప్పు. సద్దు అంటే చప్పుడు, శబ్దానికి తద్భవం. "సద్దు చెయ్యకుండా కూర్చో" అని పిల్లల్ని గదమాయిస్తామే, ఆ సద్దే. మణగడం అంటే అణగడం. రోజువారీ మాటల్లో సద్దు పలచబడేసరికి దాని చోట్లోకి 'సర్దు' వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు, గొడవలు చాలావరకు సర్దుబాటుతోనే ఆగుతాయి కదా! కానీ గొడవ సద్దుమణిగింది అన్నప్పుడు మనం చెబుతున్నది అరుపులు ఆగాయని మాత్రమే. ఎవరు తగ్గారో, ఎవరి కడుపులో ఏముందో ఆ మాట చెప్పదు. సర్దుమణిగింది అని రాస్తే లేని ఒప్పందాన్ని ఉన్నట్టు చూపించినవాళ్లమవుతాం. వార్తల్లో రోజూ కనిపిస్తోంది కాబట్టి ఇంకో పాతికేళ్లకి నిఘంటువులకీ ఎక్కుతుందేమో, అప్పటిదాకా నేను దిద్దుతూనే ఉంటాను.

ఇక ఘర్షణ. దీని మూలార్థం రుద్దడం, రాయడం. సైన్స్ పుస్తకాల్లో ఘర్షణ బలం అంటున్నది ఆ అర్థంలోనే. అచ్చతెలుగులో రాపిడి, ఒరిపిడి. బంగారాన్ని గీసి చూసే ఒరగల్లులో ఉన్నదీ ఈ 'ఒర'యే. దీనికి ముందు సమ్ చేరితే సంఘర్షణ, అంటే ఒకదానితో ఒకటి రాసుకోవడం. అర్థంలో పెద్ద తేడా లేదు గానీ, వాడుక ఈ రెండింటినీ ఎప్పుడో విడగొట్టేసింది. రెండు గుంపులు వీధిలో కొట్టుకుంటే ఘర్షణ. దాన్ని సంఘర్షణ అంటే ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంటుంది. తండ్రి నమ్మినదాన్ని కొడుకు నమ్మలేకపోవడం, ఒకే మనిషి లోపల ఇష్టానికీ బాధ్యతకీ పడకపోవడం, ఇలాంటివి సంఘర్షణ. నాటకం గురించీ నవల గురించీ మాట్లాడేటప్పుడు విమర్శకులు ఈ మాటే వాడుతున్నారు. మీ నవల్లో రెండు కుటుంబాలు కర్రలు పట్టుకుని వీధిన పడ్డాయా, లేక ఒకరి ఆచారం ఇంకొకరికి గిట్టక ఏళ్ల తరబడి లోలోపల రగిలాయా? రెండోదే అయితే సంఘర్షణే సరైన మాట, మీ మిత్రుడికి చెప్పండి.

ఇక్కడ ఇంకో సంగతి. రాపిడిలో రెండు వైపులా అరుగుతాయి. గ్రాంథిక వ్యావహారిక భాషల గొడవే చూడండి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో వ్యావహారికం వైపు గిడుగు రామమూర్తి, గ్రాంథికం వైపు జయంతి రామయ్య ఎంత గట్టిగా వాదించుకున్నారో! అది వివాదం, వాదాలకు సంబంధించినంత వరకు. భాషకి సంబంధించినంత వరకు మాత్రం దాన్ని సంఘర్షణ అనే అంటాను, ఎందుకంటే చివరికి మిగిలింది ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కాదు. నేనిప్పుడు రాస్తున్న తెలుగులో అరసున్నలు లేవు, ద్రుతానికి (మాట చివర వచ్చే నకారానికి) పెట్టాల్సిన సంధులూ లేవు. అలాగని నేను ఇంట్లో మాట్లాడేది మాట్లాడినట్టు రాయడమూ లేదు.

సంక్షోభం, కల్లోలం ఒకటి కావు. సంక్షోభంలో ఉన్నది క్షోభ, అంటే కలత, కుదుపు. నిలకడగా ఉన్న నీళ్లని అడుగునుంచి కలిపేస్తే ఎలా ఉంటుందో అది. ఆర్థిక సంక్షోభం అన్నప్పుడు పైకి వీధులు మామూలుగానే ఉండొచ్చు, కుదేలైంది లోపలి ఏర్పాటు. కల్లోలానికి సంస్కృతంలో అర్థం పెద్ద అల. పాత పద్యాల్లో సముద్రాన్ని వర్ణిస్తూ కల్లోలాలు అంటే అవి కెరటాలే, అల్లర్లు కాదు. అందుకే ఇప్పటికీ కల్లోలం అనగానే పైకి కనపడే అలజడే మనసులో మెదులుతుంది. సంస్కృతి విషయంలో, ఏది మంచి ఏది చెడు అన్న కొలతలే జనానికి పట్టుతప్పిపోతే సంక్షోభం. ఆ పట్టుతప్పడం వీధుల్లోకి వచ్చి గుళ్లూ బళ్లూ పుస్తకాలూ తగలబడేదాకా పోతే కల్లోలం. మీ వ్యాసంలో ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉండటం తప్పేమీ కాదు, తెలిసి వాడితే. మాట రిపీట్ అవుతోందని మార్చి ఉంటే మాత్రం మళ్లీ చూసుకోండి. (విప్లవం సంగతి ఇంకా తమాషా. ప్లవం అంటే తేలడం, ఈదడం. సంస్కృతంలో విప్లవం అంటే ఉపద్రవం, అల్లకల్లోలం, ఎవరూ కోరుకోనిది. మనం దాన్ని కోరుకునే మాటగా మార్చుకున్నాం.)

అసలు చిక్కు శాంతి దగ్గర ఉంది. శమ్ ధాతువుకి అర్థం తగ్గడం, అణగడం, ఆరడం. నిప్పు శమిస్తుంది, దాహం శమిస్తుంది, నొప్పికి ఉపశమనం ఉంటుంది. తెలుగులో చల్లారడం అచ్చం ఇలాంటిదే, పొయ్యీ చల్లారుతుంది, కోపమూ చల్లారుతుంది. గ్రహశాంతి చేయించారు అన్నప్పుడూ ఇదే అర్థం, ఏదో ఉగ్రంగా ఉంది, దాన్ని తగ్గించారు. మీ మిత్రుడు అడిగింది ఇదే. సద్దు మణిగితే చెవికి తెలుస్తుంది, మంట ఆరిందో లేదో మాత్రం బూడిద కదిపి చూస్తే గానీ తెలియదు.

సంధి ఇంకొకటి. సమ్ + ధా, కలిపి పెట్టడం. వ్యాకరణంలో రెండు అచ్చుల్ని కలిపినట్టే రాజకీయంలో ఇద్దరు రాజుల్ని కలుపుతుంది. రాజనీతిలో ఆరు గుణాలని, అంటే రాజు నడుచుకునే ఆరు పద్ధతులని చెబుతారు: సంధి, విగ్రహం, యానం (దండెత్తి వెళ్లడం), ఆసనం (కదలకుండా వేచి ఉండడం), సంశ్రయం (బలవంతుడి అండ చేరడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, ఇంకొకరితో యుద్ధం). విగ్రహం అంటే ఇక్కడ బొమ్మ కాదు, యుద్ధం. ఈ ఆరింటిలో శాంతి లేదు, గమనించారా? శత్రువు కన్నా బలం తక్కువైతే సంధి చేసుకో, ఎక్కువైతే విగ్రహానికి దిగు అంటాడు కౌటిల్యుడు. అంటే సంధి ఒక ఎత్తుగడ. కాబట్టి సంధి కుదిరింది అనాలి గానీ దాన్నే శాంతి అనేస్తే తొందరపాటు. రాజీ కూడా ఇంతే. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకి ఒప్పుకున్నవాడు, సమ్మతించినవాడు అని అర్థం.

మహాభారతంలో శాంతిపర్వం ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి. 18 రోజుల యుద్ధం అయిపోయింది, ఎదురు నిలిచే శత్రువు మిగల్లేదు, చప్పుడు లేదు, రాజ్యం చేతికొచ్చింది. అక్కడ మొదలవుతుంది. మొదలవుతూనే ధర్మరాజు కుమిలిపోయి ఏడుస్తుంటాడు, ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతానంటాడు. అన్నదమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు, ఆఖరికి అంపశయ్య మీదున్న భీష్ముడు, ఇంతమంది చెప్పాల్సి వచ్చింది. 18 పర్వాల్లో పొడవైనది ఇదే. ఇంత యుద్ధమున్న కావ్యంలో ప్రధాన రసం వీరం కాదు, శాంతం అని 9వ శతాబ్దంలో అలంకారికుడు ఆనందవర్ధనుడు తేల్చాడు. మీ నవల చివర్లో రెండు కుటుంబాల పెద్దలు ఒకరింటికి ఒకరు వెళ్లి కూర్చునే సీనేదైనా ఉంటే శాంతి అని ధైర్యంగా రాసుకోండి. అరుపులు ఆగిపోయి తలుపులు వేసుకుని ఉంటే "గొడవ సద్దుమణిగింది" దగ్గరే ఫుల్‌స్టాప్ పెట్టెయ్యండి.

చివరి ప్రశ్న. మనశ్శాంతి ఒప్పు, మనఃశాంతి కూడా ఒప్పే. మనస్ + శాంతి కలిసినప్పుడు స కాస్తా శ అవుతుంది, బడిలో చదువుకున్న శ్చుత్వ సంధి. ఒక్క శతో మనశాంతి అనీ, ఓకారంతో మనోశాంతి అనీ రాయకూడదు. మనోక్షోభ, మనోస్థైర్యం కూడా ఇలాగే పుట్టిన తప్పులు. తర్వాత గ, ధ, భ, వ లాంటి నాదాక్షరం (పలికేటప్పుడు గొంతు కంపించే అక్షరం) ఉంటేనే ఆ ఓకారం వస్తుంది, మనోగతం, మనోధైర్యం, మనోభావం, మనోవేదన అన్నట్టు. క ముందు రాదు కాబట్టి మనఃక్షోభ. స్థైర్యం దగ్గర మాత్రం విసర్గ తీసేసి మనస్థైర్యం అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటు శాంతికి లేదు.