నాపరాళ్ల సందుల్లో తుంగ

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం వాకిట్లో ఇసుక పరిచి నాపరాళ్లు వేయించాము. తొలకరి పడిందంటే రాళ్ల సందుల నిండా గడ్డి లేస్తోంది. నెలకోసారి మనిషిని పెట్టి పీకిస్తున్నా అంతకంతకూ ఒత్తుగా వస్తోంది. ఉప్పు చల్లమని కొందరు, గడ్డి మందు కొట్టమని కొందరు అంటున్నారు. పక్కనే నుయ్యి ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పీకేకొద్దీ ఒత్తుగా వస్తున్నదంటే అది తుంగ అయి ఉండవచ్చు. పూత కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. మూడు అంచులు తగిలి, కింది దుంపను గిల్లినప్పుడు సున్నిపిండిలో వేసే తుంగముస్తల వాసన వస్తే ఇక సందేహం అక్కరలేదు. ఈ దుంపలు నేలలో గొలుసులా అల్లుకుని ఉంటాయి. మొక్కను లాగినప్పుడు ఆ గొలుసు తెగి, అంతవరకు నిద్రలో ఉన్న దుంపలు కూడా మొలకెత్తుతాయి. పైగా నెల రోజుల వ్యవధిలో కొత్త దుంపలు ఊరతాయి కనుక మీరు పీకించేనాటికే వాటి పని అయిపోతోంది.

ఉప్పు మాత్రం వద్దు. అది వాన నీటితో నూతిలోకి దిగుతుంది, మన నల్లమట్టిని బిగదీస్తుంది. నీరు ఉప్పదేలుతున్నదని కోనసీమలో ఇప్పటికే ఎందరో బాధపడుతున్నారు, ఆ బాధను మన చేతులతో పెంచుకోకూడదు. ఇక గ్లైఫోసేట్ గడ్డి మందును పురుగుల నివారణ చేసే లైసెన్సుదారుల ద్వారా తప్ప వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. నుయ్యి పక్కన దాన్ని వారిచేత కూడా కొట్టించవద్దనే నా సలహా.

ధవళేశ్వరం కాలువలు కట్టేసి నేల ఆరిన ఎండాకాలమే దీనికి అదను. వరుస తర్వాత వరుసగా రాళ్లు లేపించి, జానెడు లోతు మట్టిని బొరిగెతో తవ్వించి, దుంపలను చేత్తో ఏరించండి. చాలా దుంపలు ఆ లోతులోనే ఉంటాయి. ఏరినవాటిని పట్టా మీద పరిచి, నలుపితే పొడి అయ్యేంతగా ఎండబెట్టాలి. పచ్చివాటిని పెంటకుప్పలో వేస్తే ఎరువుతో పాటు మళ్లీ పెరట్లోకి వస్తాయి. తరువాత రాతి పొడి పరిచి దిమ్మిస చేయించి, నీరు నిలవకుండా వాటం ఇచ్చి రాళ్లు పేర్పించి, సందులను ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుకతో పూడ్పించండి.

రాళ్లు లేపడం ఈ ఏడు వీలుకాకపోతే, మూడు నాలుగు ఆకులు వేయకముందే వారం వారం నేల మట్టానికి కోయిస్తూ రండి. తిండి అందక దుంపలు క్రమంగా నీరసిస్తాయి, అయితే ఒక వానాకాలమంతా ఓపిక పట్టాలి. నానబాలు, గంగపాయల వంటి లేత మొక్కలైతే సందుల్లో మరిగే నీళ్లు పోస్తే చాలు.