సిప్ ఆపి పాత ఫ్రెంచ్ కెమెరాలు కొనొచ్చా?

ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఖర్చులన్నీ పోను నెలకు 300 యూరోలు మిగులుతాయి. ఆదివారం పాత సామాన్ల సంతల్లో ఫెక్స్, ఫొటాక్స్ లాంటి ఫిల్మ్ కెమెరాలు 15 యూరోలకే దొరుకుతున్నాయి, ఇప్పటికి తొమ్మిది కొన్నాను. ఒక్కో ఫిల్ముకి 8 యూరోలు, ల్యాబుకి 12 అవుతోంది. ఇండియాలో నెలనెలా కట్టే మ్యూచువల్ ఫండ్ సిప్ ఆపేసి ఆ డబ్బు కెమెరాల మీద పెట్టనా, రేటు పెరుగుతుంది కదా?"

సిప్ ఆపకండి. మీరు చెప్పిన ఫెక్స్‌లలో అల్ట్రా-ఫెక్స్ అనేది లియాన్‌లో మామూలు కుటుంబాల కోసం చేసిన బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) కెమెరా. చాలా ఎక్కువగా తయారైంది కాబట్టే ఇవాళ ప్రతి సంతలోనూ మీకు కనిపిస్తోంది. అలాంటిది అమ్మబోతే అడవే.

ఇష్టంతో కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. కానీ అసలు ఖర్చు కెమెరా కాదు, ఫిల్మే. అల్ట్రా-ఫెక్స్‌లో ఒక రీలుకి ఎనిమిది ఫొటోలే వస్తాయి, అంటే మీ లెక్కలోనే ఫొటోకి రెండున్నర యూరోలు. పైగా అది 620 అనే రకం ఫిల్ముకి చేసిన కెమెరా, కొడాక్ ఆ ఫిల్మును 1995లో ఆపేసింది. ఇప్పుడు దొరికే 120 ఫిల్మ్ వెడల్పు అంతే గానీ దాని రీలు లావు, అందుకే పూర్తి చీకట్లో పాత 620 రీలుకి తిప్పి చుట్టుకోవాలి. కొనేముందు వెనక మూత తీసి లోపల ఖాళీ రీలు ఉందో లేదో చూడండి, నన్నడిగితే ఆ 15 యూరోల్లో సగం విలువ ఆ రీలుదే! మూత అంచుల్లో బేకలైట్ పగిలి ఉంటే మాత్రం వదిలేయండి, వెలుతురు లోపలికి దూరి ఫిల్మ్ పాడవుతుంది.

ముందు మూడు నెలల ఇంటి ఖర్చు లివ్రే ఆ (ఫ్రాన్స్‌లో పొదుపు ఖాతా)లో ఉందా? లేకపోతే మిగిలే 300లో పెద్ద భాగం అక్కడికే పోవాలి. కెమెరాలకి నెలకు 40 యూరోలు, అంతే. అంటే రెండు రీళ్లు, ల్యాబు ఖర్చుతో సహా. కొత్త కెమెరా కొంటే అది కూడా ఆ 40లోంచే, ఆ నెల ఒక రీలు తగ్గుతుంది. ఇంకో మంచి కెమెరా కావాలనిపిస్తే ఆ డబ్బు కొన్ని నెలలు కూడబెట్టి, 120 ఫిల్మ్ నేరుగా పట్టే సెమ్‌ఫ్లెక్స్ ఒకటి చూడండి, పన్నెండు ఫొటోలు వస్తాయి. పారిస్ దగ్గర బియెవ్‌ర్‌లో జూన్‌లో జరిగే ఫొటో సంతలో చేతిలోకి తీసుకుని, షట్టర్ నొక్కి చూసి కొనుక్కోవచ్చు.

ఈలోగా ఉన్న తొమ్మిదింటిలో బాగా పనిచేసే రెండు ఉంచుకుని మిగతావి అమ్మేయండి, ఎంతొస్తే అంత. వాటిలోని ఖాళీ 620 రీళ్లు మాత్రం ఇచ్చేయకండి.