పాఠాల యాప్‌కు చందా కట్టాలా, వద్దా?

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు యాప్‌ల గురించే. ఫలానా యాప్ మంచిదా అని పేరు రాసి అడిగినవాళ్లకు ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి దండగ కావచ్చు. మీ ఇంట్లో మీరే తేల్చుకునే పద్ధతి మాత్రం చెప్పగలం.

ప్రశ్న: మా బాబు తెలంగాణ స్టేట్ సిలబస్‌లో పదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. లెక్కల్లో వెనకబడ్డాడు. ఒక యాప్‌కు ఏడాది చందా జీఎస్టీతో కలిపి 12,000 రూపాయలట. ఏడు రోజులు ఉచితంగా వాడి చూడమంటున్నారు. ఆ ఏడు రోజుల్లో ఏం చూస్తే సంగతి తెలుస్తుంది?
— ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, వీడియోలు చూడకముందే యాప్‌లో రెండు అంశాలు వెతకండి: సెట్స్, లాగరిథమ్స్. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పదో తరగతి లెక్కల పుస్తకంలో సెట్స్ రెండో అధ్యాయం. లాగరిథమ్స్ మొదటి అధ్యాయం రియల్ నంబర్స్‌లోనే వస్తాయి. సీబీఎస్‌ఈ బడుల్లో చదివే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ఈ రెండూ లేవు. కాబట్టి 'అన్ని బోర్డులకూ సరిపోతుంది' అని అమ్మే యాప్‌లో ఇవి పదో తరగతి కింద కనిపించకపోతే, సీబీఎస్‌ఈ పాఠాలకే పేరు మార్చి ఇస్తున్నారని అర్థం. అలాంటిదానికి ఏడు రోజులు కూడా పెట్టనక్కర్లేదు.

ఉంటే పరీక్ష మొదలుపెట్టండి. బాబుకు గట్టిగా రాని అధ్యాయం ఒక్కటే తీసుకోండి. క్వాడ్రాటిక్ ఈక్వేషన్స్ అనుకుందాం. మొదటి రోజు యాప్ తెరవకుండా, పాఠ్యపుస్తకం అభ్యాసంలోంచి ఐదు లెక్కలు కాగితం మీద అరగంటలో చేయమనండి. తప్పులున్నా దిద్దకుండా ఆ కాగితం దాచండి. తర్వాత ఐదు రోజులు, రోజుకు 40 నిమిషాలు యాప్‌లో ఆ అధ్యాయమే. ఆ 40 నిమిషాల్లో కనీసం 20 నిమిషాలు చేతిలో పెన్ను ఆడాలి. ఏడో రోజు అదే అభ్యాసంలోంచి వేరే ఐదు లెక్కలు, మళ్లీ అరగంట, మళ్లీ కాగితం మీదే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి బడిలో లెక్కల మాస్టారికి చూపించండి. ఆయన ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు.

యాప్ చూపించే స్కోరు నమ్మితే చాలదా అంటారేమో, చాలదు. ఎందుకో ఒక లెక్కతో చూడండి. 'రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290, ఆ సంఖ్యలేవి?' అని అడిగి, కింద నాలుగు ఆప్షన్లు ఇస్తారు. పిల్లవాడు 11ని, 13ని వర్గం చేసి 121, 169 కలిపితే 290 వచ్చేస్తుంది. సమీకరణమే రాయలేదు, అయినా యాప్ 'కరెక్ట్' అని పచ్చరంగు వెలిగిస్తుంది. అదే లెక్క పబ్లిక్ పరీక్షలో పెద్ద ప్రశ్నగా వస్తే మొదటి సంఖ్యను ఎక్స్ అనుకోవాలి, రెండోది ఎక్స్ ప్లస్ 2 అని రాయాలి, సమీకరణం తేవాలి, 11, మైనస్ 13 అని రెండు విలువలు రాబట్టాలి, ధన సంఖ్య అన్నారు కాబట్టి మైనస్ 13ను వదిలేశానని రాయాలి. మార్కులు ఈ మెట్లకే. పిల్లలు ఎక్కువగా జారేదీ ఇక్కడే. 'వరుస' అన్న మాట చూసి రెండో సంఖ్యను ఎక్స్ ప్లస్ 1 అని రాస్తారు. మీ బాబు మొదటి కాగితంలో అలా రాసి, ఏడో రోజు కాగితంలో ప్లస్ 2 రాశాడంటే యాప్ పని చేసింది. రెండింటిలోనూ అదే తప్పు ఉంటే, యాప్‌లో నూటికి తొంభై వచ్చినా పని చేయలేదు.

డౌట్లు తీరుస్తామన్న మాటను కూడా ఆ వారంలోనే పరీక్షించండి. రాత్రి తొమ్మిదింటికి ఒక లెక్క చేతిరాతతో రాసి, తప్పు మెట్టుతో సహా ఫొటో తీసి పంపండి. జవాబు ఎంతసేపటికి వచ్చిందో రాసుకోండి. అంతకన్నా ముఖ్యం, ఆ తప్పు మెట్టును వేలుపెట్టి చూపించారా, లేక తయారుగా ఉన్న సొల్యూషన్ అతికించి పంపారా? రెండోదైతే గైడు పుస్తకం చేసే పనే.

ఇక డబ్బు లెక్క. వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున 40 వారాలు వాడితే దాదాపు 107 గంటలు. 12,000కు గంటకు 112 రూపాయలు పడుతుంది. రెండో నెల నుంచి ఆసక్తి తగ్గి వారానికి ఒక్కరోజుకు వచ్చిందంటే, ఆ 40 వారాల్లో 35 గంటలు కూడా ఉండవు, గంట దాదాపు 346 రూపాయలవుతుంది. మీ ఊళ్లో ట్యూషన్ రేటుతో పోల్చుకోండి. ఇంటి పరిస్థితిని బట్టి ఏ లెక్క నిజమవుతుందో మీకే బాగా తెలుసు.

నెలవారీ చందా ఉంటే మొదట అదే తీసుకోండి. ఉదాహరణకు నెలకు 399, ఏడాదికి 2,999 అని ఉంటే ఏడాది ప్యాక్ చవకలాగే కనిపిస్తుంది. కానీ ఏడు నెలలకు 2,793 మాత్రమే. ఎనిమిదో నెల దాకా వాడితేనే ఏడాది ప్యాక్ లాభం. పదో తరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలు. నవంబరులో చేరి ఏడాది కట్టడం ఎందుకు?

ఇంకొక్క మాట. చందా కట్టకముందు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేసి చూడండి. తెలంగాణ ప్రభుత్వ చానల్ టీ-శాట్ విద్య పాఠాలు కూడా ఉచితమే. వీటిలో హంగులు తక్కువ, పాఠం మాత్రం మన పుస్తకంలోదే. బాబు వీటిని వారంలో మూడు రోజులు కూడా తెరవలేదంటే, డబ్బు కట్టిన యాప్‌ను తెరుస్తాడని ఆశపడొద్దు.

ప్రశ్న: పాప ఇంగ్లిష్ నేర్చుకుంటుందని పెట్టిన యాప్‌ను మూడు నెలల కిందటే ఫోన్లోంచి తీసేశాం. అయినా నెలనెలా 499 రూపాయలు కట్ అవుతూనే ఉన్నాయి. ఎలా ఆపాలి?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. డబ్బు తీసుకునే అనుమతి యాప్‌లో ఉండదు, మీరు చెల్లించిన దారిలో ఉంటుంది. ఆ దారి మూడింటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో సబ్‌స్క్రిప్షన్స్ చూడండి. అక్కడ ఖాళీగా ఉంటే కంగారుపడకండి. ఇంట్లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలు ఉంటాయి, పాప ఫోన్లో అమ్మగారి ఖాతా ఉంటుంది. ఆ ఖాతాలోకి మారి మళ్లీ చూడండి. చాలామందికి దొరకనిది ఇందుకే. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ వస్తాయి.

అక్కడా లేకపోతే మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ నొక్కి ఆటోపే చూడండి. పాజ్, క్యాన్సిల్ అని రెండు ఉంటాయి. పాజ్ చేస్తే కొంతకాలానికి మళ్లీ మొదలవుతుంది. క్యాన్సిల్ చేసి, యూపీఐ పిన్ అడిగితే కొట్టండి. కార్డుతో కట్టి ఉంటే ఆ బ్యాంకు యాప్‌లో ఈ-మాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ దగ్గర ఉంటుంది. ఆపిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనపడేలా దాచుకోండి.

ఓటీపీ లేకుండా ఎలా కట్ అవుతోందని ఇంకో పాఠకురాలు అడిగారు. ఇలాంటి చందాలకు 15,000 రూపాయల వరకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2022లో అనుమతించింది. మొదటిసారి మాత్రం మీ అనుమతి తప్పనిసరి. డబ్బు తీసుకునే 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. వస్తుంది కూడా, ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల మధ్య మునిగిపోతుంది.

పోయిన డబ్బు సంగతి: ప్లే స్టోర్ ద్వారా కట్టిందైతే, కట్ అయిన 48 గంటల లోపు రీఫండ్ అడగడం తేలిక. అది దాటితే యాప్ కంపెనీకే రాయాలి. ఉచిత ట్రయల్ తీసుకునేవాళ్లకు మా సలహా: చేరిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. ప్లే స్టోర్‌లో సాధారణంగా గడువు తేదీ దాకా యాప్ పనిచేస్తూనే ఉంటుంది. నచ్చితే మళ్లీ మీరే కట్టవచ్చు.

ప్రశ్న: ఒక కంపెనీ వాళ్లు ఇంటికొచ్చి పిల్లలకు టెస్టు పెట్టి, నెలకు 2,400 చొప్పున 24 నెలలు అని ట్యాబ్ ఇచ్చి సంతకాలు తీసుకున్నారు. పదిహేను రోజులైంది, పిల్లలు వాడటం లేదు. వద్దంటే 'లోన్ అయిపోయింది, ఆపడం కుదరదు' అంటున్నారు.
— ఒక తండ్రి, ఆదోని

జవాబు: మీరు కట్టేది ఫీజు కాదు, మీ పేరు మీద ఉన్న 57,600 రూపాయల అప్పు. ఒప్పందాలు రెండు: పాఠాలకు యాప్ కంపెనీతో ఒకటి, డబ్బుకు ఫైనాన్స్ కంపెనీతో ఇంకొకటి. క్లాసులు మానేసినా రెండోది నడుస్తూనే ఉంటుంది. ఖాతాలో డబ్బు లేకుండా చేసి కిస్తీ ఎగ్గొడదామని మాత్రం అనుకోవద్దు. బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

ముందు అప్పిచ్చిందెవరో కనుక్కోండి. మొదట వచ్చిన ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్లోనో పేరు ఉంటుంది. వాళ్లను కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కాపీ అడగండి. అసలు, వడ్డీ, చార్జీలతో పాటు కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో అందులో ఉండాలి. డిజిటల్‌గా ఇచ్చిన అప్పులకు ఈ గడువు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ లోపల అసలు, అన్నాళ్ల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. గడువు చాలా తక్కువే ఉంటుంది, మీ విషయంలో దాటిపోయి ఉండొచ్చు. అయినా ఆ కాగితం మీ చేతికి రావాలి.

ఈ రోజే యాప్ కంపెనీకి మెయిల్ పెట్టండి: ఏ తేదీన చేరాం, ఎంత వాడాం, ఎందుకు రద్దు కోరుతున్నాం, ట్యాబ్ వెనక్కి ఇస్తాం. కాపీ ఫైనాన్స్ కంపెనీకి కూడా. ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడినా మీ దగ్గర రుజువు మిగలదు. 'నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చు' అని ఆ రోజు నోటిమాటగా చెప్పి ఉంటే, వాట్సాప్ సందేశాలు వెతకండి, ఒక్క వాక్యం దొరికినా పనికొస్తుంది.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తెలుగులో మాట్లాడవచ్చు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు. ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులకు సూచన ఇచ్చింది. అది ఇంటింటికీ చేరకపోవడం బాధాకరం. పిల్లలకు టెస్టు పెట్టి, 'మీవాడు ఈ లెక్కన వెనకబడిపోతాడు' అని తల్లిదండ్రుల ముందు భయపెట్టి, ఆ కూర్చున్న చోటే సంతకం అడిగేవాళ్లకు ఎప్పుడూ ఒకటే జవాబు: కాగితాలు వదిలి వెళ్లండి, రెండు రోజుల్లో చెప్తాం.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేశాను. జర్మనీ వెళ్లాలని ఉంది. ఏడాదికి 4,500 కట్టి యాప్‌లో జర్మన్ నేర్చుకుంటే బీ1, బీ2 దాకా వెళ్లగలనా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: జర్మన్‌లో మెట్లు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి వెళ్తాయి. మొదటి మెట్టు ఏ1 దాకా యాప్ బాగా తోడు వస్తుంది. మాటలు, వాటికి ముందొచ్చే డెర్, డీ, దాస్ గుర్తుండాలంటే రోజూ పావుగంట యాప్‌లాంటిది మంచిదే. బీ1 దగ్గర అది చాలదు. గోథె ఇన్‌స్టిట్యూట్ బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడి భాగాలు, ఒక్కోదానిలో 100కు 60 రావాలి. ఒకదాని మార్కులు ఇంకోదానికి కలపరు. మాట్లాడటంలో ఎదుటి అభ్యర్థితో కలిసి ఒక కార్యక్రమం ప్లాన్ చేయాలి, చిన్న ప్రసంగం ఇవ్వాలి, ప్రశ్నలకు బదులు చెప్పాలి. ఎదుట మనిషి లేకుండా ఇది అలవడదు. నర్సుగా గుర్తింపుకు ఎక్కువ చోట్ల బీ2 అడుగుతారు.

యాప్‌లో జరిగే పొరపాటు ఇది: 'ఒంట్లో బాగాలేదు కాబట్టి ఇంట్లోనే ఉంటున్నాను' అనే వాక్యానికి 'ఇష్ బ్లైబె ట్సు హౌజె, వైల్ ఇష్ క్రాంక్ బిన్' అని పేర్చాలి. 'వైల్' వచ్చాక క్రియ 'బిన్' చివరికి పోతుంది, తెలుగులోలాగే. మాటలన్నీ పలకల్లా కింద ఇచ్చి ఉంటే పేర్చేస్తారు. పలకలు లేకుండా నోటితో చెప్పమంటే 'వైల్ ఇష్ బిన్ క్రాంక్' అని ఇంగ్లిష్ వరస వచ్చేస్తుంది. అందుకని ఏ వాక్యమైనా పలకలున్న భాగాన్ని చేత్తో మూసి, ముందు పైకి చెప్పండి, తర్వాత నోటుబుక్కులో రాయండి, ఆపైన తెర చూడండి.

ఏ1 నుంచి బీ1 వరకు జర్మనీ ప్రసార సంస్థ డాయిషె వెలె వాళ్ల 'నికోస్ వెగ్' కోర్సు పూర్తిగా ఉచితం. మొదటి మూడు నెలలు దానితో నడిపి, ఆ 4,500 రూపాయలను మాట్లాడించే, రాసింది దిద్దే టీచరు కోసం దాచుకోండి.

ప్రశ్న: గ్రూప్-2 టెస్ట్ సిరీస్ తీసుకుంటున్నాను. యాప్‌లో ఏం చూడాలి?
— ఒక అభ్యర్థి, శ్రీకాకుళం

జవాబు: నెగెటివ్ మార్కుల సెట్టింగు. ఏపీపీఎస్సీలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. ఆ కోత లేని టెస్టులు రాస్తే అన్నీ పెట్టేయడం అలవాటవుతుంది. 150 ప్రశ్నల స్క్రీనింగ్‌లో 80 ఒప్పు, 70 తప్పు అయితే యాప్ 80 అని చూపిస్తుంది, అసలు వచ్చేది 56.67. ఆ తర్వాత ఉచితంగా ఇచ్చిన ఒక టెస్టులో పది ప్రశ్నల కీని తెలుగు అకాడమీ పుస్తకంతో సరిచూడండి. పదిలో రెండు తప్పులు దొరికితే ఆ సిరీస్ వదిలేసి, కమిషన్ వెబ్‌సైట్లోని పాత ప్రశ్నపత్రాలు, తుది కీలు ప్రింటు తీసుకుని గడియారం పెట్టుకుని రాయండి.