జెన్ కోసం పర్సిగ్‌ని చదవొచ్చా?

"జెన్ తెలుసుకుందామని 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' కొన్నాను, 100 పేజీలు దాటినా జెన్ కనపడలేదు, అసలు ఈ రాబర్ట్ పర్సిగ్‌కి జెన్ తెలుసా, ఇక వదిలేయనా" అని అడిగారు. నేనూ రెండుసార్లు మధ్యలో వదిలేసినవాణ్ణే, మీ చిరాకు అర్థమవుతోంది.

తప్పు మీది కాదు, ఆ పేరుది. సంప్రదాయ జెన్ (బౌద్ధంలో ఒక ధ్యాన మార్గం) సాధనకీ ఈ పుస్తకానికీ సంబంధం లేదని రచయిత మొదట్లోనే చెప్పేశాడు, మోటార్‌సైకిళ్ల గురించి కూడా ఇందులో అంత నిక్కచ్చి సమాచారం లేదని తనమీద తనే ఒక చురక వేసుకున్నాడు. ఆ పేజీ మనలో ఎవరు చదువుతాం?

మూడోసారి నేను ఎందుకు పట్టుకున్నానంటే, ఒక ఆదివారం నా పాత బండికి క్లచ్ ప్లేట్లు నేనే మార్చుకుందామని కూర్చున్నాను (యూట్యూబ్ ఇచ్చిన ధైర్యం). పక్క మూత స్క్రూలన్నీ వచ్చాయి, ఒక్కటి రాలేదు. బలం పెట్టి తిప్పితే దాని తల కాస్తా గుండ్రంగా అరిగిపోయింది, ఇక స్క్రూ డ్రైవర్ పెడితే జారడమే. మధ్యాహ్నం దాకా తిట్టుకుంటూ దాంతోనే గడిపి, సాయంత్రం బండిని షెడ్డుకి తోసుకెళ్లాను. మెకానిక్ భాయ్ ఏమీ ముట్టుకోకుండా దాన్ని కాసేపు ఊరికే చూశాడు, టీ తాగాడు, తర్వాత చిన్న ఉలిని స్క్రూ అంచుకి ఏటవాలుగా ఆనించి సుత్తితో నాలుగు తట్లు తట్టాడు. వచ్చేసింది. డబ్బులు కూడా తీసుకోలేదు, నవ్వాడంతే, అదే ఎక్కువ మండింది.

ఇది విన్న ఫ్రెండ్ ఒకడు 24వ అధ్యాయం చూడమన్నాడు. అదే పక్క మూత, అదే అరిగిన స్క్రూ! మామూలప్పుడు దాని విలువ పైసల్లో ఉంటుంది, కానీ అది రాకపోతే బండి కదలదు కాబట్టి ఇప్పుడు దాని విలువ మొత్తం బండి విలువ అంటాడు పర్సిగ్. మాన్యువల్ అక్కరకు రాదు, బుర్ర ఖాళీ అయిపోతుంది. జెన్ సాధకులు కోఆన్లు (తర్కానికి లొంగని చిక్కుప్రశ్నలు) పెట్టుకుని, ఊపిరి మీద ధ్యాస నిలిపి ఎంతో కష్టపడి తెచ్చుకోవాలని చూసేది ఆ ఖాళీనే కదా, మరి దానికి భయపడటం ఎందుకు, ఆ స్క్రూనే చూస్తూ ఉండు అంటాడు. భాయ్ టీ తాగుతూ చేసింది అదేనని అప్పుడు వెలిగింది. మీరు వెతికే జెన్ పుస్తకంలో ఎక్కడైనా ఉందంటే అక్కడ ఉంది.

ఇక పర్సిగ్ అనే మనిషి సంగతి. 1928లో మినియాపొలిస్‌లో పుట్టాడు, అమెరికా సైన్యంతో కొరియా వెళ్లాడు, తర్వాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివాడు. హిరోషిమా, నాగసాకిల మీద పడ్డ బాంబులు కూడా మాయేనా అని అడిగితే ప్రొఫెసర్ నవ్వి అవునన్నాడని పుస్తకంలో ఉంటుంది. బ్రహ్మ సత్యం జగన్మిథ్య అని వింటూ పెరిగిన మనకి ఆ జవాబు కొత్త కాదు, ఆ కుర్రాడు మాత్రం క్లాసులోంచి లేచి వెళ్లిపోయి, ఇండియానే వదిలేస్తాడు. తర్వాత మోంటానాలో పాఠాలు చెప్పాడు, మతి చలించి ఆసుపత్రిలో కరెంటు షాకులు పెట్టించుకున్నాడు. 1968లో పదకొండేళ్ల కొడుకు క్రిస్‌ని పాత హోండా వెనక కూర్చోబెట్టుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా వెళ్లాడు, కథ ఆ ప్రయాణమే. పగలు కంప్యూటర్ మాన్యువళ్లు రాసే ఉద్యోగం చేస్తూ దీన్ని రాశాడు, 121 మంది ప్రచురణకర్తలు వద్దన్నాక 1974లో అచ్చయింది.

జెన్ తెలుసా అంటే, మిన్నెసోటాలో కతగిరి అనే జపాన్ గురువుతో జెన్ కేంద్రం మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకడు. కానీ నన్ను పట్టుకున్నది క్రిస్. దారి పొడుగునా కడుపునొప్పి అంటూ, నాన్న తనతో సరిగ్గా మాట్లాడడని ఏడుస్తూ వచ్చిన ఆ పిల్లాడు పెద్దయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్‌లో ఉంటూ సాధన చేశాడు, 1979లో ఆ సెంటర్ బయటే దొంగల చేతిలో కత్తిపోటుకి చనిపోయాడు. ఇంకా 23 నిండలేదు.

దీని గురించి తండ్రి రాసిన వెనకమాట 1984 తర్వాతి ప్రతుల్లో ఉంటుంది. మీ కాపీలో ఉంటే ఆ పేజీలకి ఒక క్లిప్పు పెట్టేసి, కొండలు దిగి వాళ్లిద్దరూ సముద్రం చేరేదాకా తెరవకండి. నేను ముందే చదివేశాను.