పక్క కుర్చీ

తమ్ముడూ,

కథ అందింది. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌ని ఎంచుకున్నావు, సంతోషం. కానీ నీ మునిసిపల్ గుమాస్తా మొదటి పేరాలోనే దుర్మార్గుడైపోయాడు. దాంతో కథ చప్పబడింది. అలాంటివాణ్ణి చూసి పాఠకుడు ‘నేనైతే ఆ పని చెయ్యను’ అనుకుని నిశ్చింతగా పుస్తకం మూసేస్తాడు.

జరిగిందేమిటో చూడు. 1940 మేలో జర్మనీ దాడి మొదలైన ఐదు రోజులకే డచ్ సైన్యం లొంగిపోయింది. అక్టోబరులో ప్రభుత్వోద్యోగుల చేతికి ఒక ఫారం వచ్చింది. తాను యూదుడా, కాదా అని రాసి సంతకం పెట్టాలి. దాదాపు అందరూ పెట్టారు. మరణశిబిరాల సంగతి అప్పటికి ఎవరి ఊహకూ అందలేదు. ఇంట్లో పిల్లలున్నారు, ఒకటో తారీఖు జీతం కావాలి, పైగా ‘ఉన్నమాటే రాస్తున్నాను కదా’ అన్న సమాధానం ఒకటి. నవంబరులో యూదు ఉద్యోగుల్ని విధుల నుంచి తప్పించారు. నీ గుమాస్తా పక్క కుర్చీ ఖాళీ అయింది. ఆ ఫైళ్ళు ఎవరి బల్ల మీదికి వచ్చాయి? సొరుగులో మిగిలిన కళ్ళజోడు ఎవరు తీసి ఇంటికి పంపారు? అసలు పంపారా? ఇక్కడ ఆగి రాయి, తొందరపడకు.

అలాగని ‘ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు’ అని మాత్రం రాయొద్దు. అదే నవంబరు 26న లైడెన్ విశ్వవిద్యాలయంలో క్లెవెరింగా అనే లా ప్రొఫెసర్, ఉద్యోగం పోయిన తన గురువు పక్షాన నిండు సభలో మాట్లాడి జైలుకెళ్ళాడు. 1941 ఫిబ్రవరిలో, యూదుల అరెస్టులకు నిరసనగా ఆమ్‌స్టర్‌డామ్‌లో సమ్మె మొదలైంది. ట్రాములు ఆగిపోయాయి, ఊరు కదిలింది. జర్మన్లు రెండు రోజుల్లో దాన్ని అణిచేశారు. మరుసటి ఏడాది నుంచి అదే ఊరి ట్రాములు రాత్రివేళ యూదుల్ని, శిబిరాలకు పంపడానికి, రైల్వేస్టేషన్లకు చేరవేశాయి. దానికి ట్రాముల సంస్థ జర్మన్లకు బిల్లు కూడా వేసింది. సమ్మెలో నిలబడ్డవాళ్ళలో ఒక్కరైనా ఆ బండి నడిపి ఉండరా? నన్నడిగితే నీ కథంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

గుమాస్తాని అర్థం చేసుకో. మాఫీ మాత్రం చెయ్యకు. అక్కడున్న సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా హతమయ్యారు. నీ కథలో ఆ పక్క కుర్చీ మనిషికి పేరు కూడా లేదు! ఆయనకు పేరు పెట్టు, మాట ఇవ్వు, కోపం ఇవ్వు. జర్మన్ల ఆజ్ఞతో యూదులతోనే ఏర్పడ్డ యూదు మండలిలో కూర్చుని, శిబిరాలకు ఎవరి ప్రయాణం కొన్నాళ్ళు వాయిదా పడాలో తేల్చాల్సి వచ్చినవాళ్ళ సంకటం వేరు, జీతం కోసం సంతకం పెట్టినవాడి సంకటం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకు.

చివర్లో విచారణ సీను తీసెయ్. 1945 తర్వాత అతను చెప్పుకున్న సంజాయిషీ నీకెందుకు? ఫారం బల్ల మీదికి వచ్చిన ఉదయం నుంచి మొదలుపెట్టి, కుర్చీ ఖాళీ అయిన వారం దాకా రాయి చాలు. నెలాఖరులోగా పంపిస్తే తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య