గానుగ పెట్టబోతున్న చిన్నికి

చిన్నీ,

కదిరిలో షెడ్డు మాట్లాడుకున్నావని, రెండు చెక్క గానుగలకు అడ్వాన్సు కట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. వెంటనే, "అనుమతులన్నీ ఒక కన్సల్టెంటే చూసుకుంటాడట, ప్యాకేజీ 40 వేలు" అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

తేలిక పనులు ముందు చెప్పేస్తా. ఉద్యం, అంటే చిన్న పరిశ్రమల నమోదు, ఆన్‌లైన్లో ఉచితం, దానికి డబ్బడిగేవాడు మోసగాడు. తూకం యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించుకోవాలి. చలానాలు నీ లాగిన్ నుంచి, నీ బ్యాంకు ఖాతా నుంచే కట్టు.

ఇక ఆ ప్యాకేజీ. 40 వేలలో చలానాలకు ఎంత, అతని ఫీజు ఎంత అని విడివిడిగా రాసిమ్మను. "పైఖర్చులు" అన్న మాట బిల్లులో రాయగలడేమో చూడు. అందులో లంచమున్నా నీ చేత్తో ఇవ్వలేదు కదా అనుకోకు తల్లీ. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడమూ నేరమే, 7 ఏళ్ల దాకా జైలు. మధ్యవర్తితో ఇప్పించినా నువ్వు ఇచ్చినట్టే. "ఆడపిల్లవి, ఆఫీసుల చుట్టూ నువ్వెందుకమ్మా తిరగడం" అంటాడు. తిరుగు. అక్కడి గుమాస్తాలకు నీ ముఖం తెలియాలి.

వ్యాపారాల్లో తరతరాలుగా జరుగుతున్న తప్పు ఒకటుంది. నెలకు 5 వేల మామూలే కదా, పోనీలే అనుకోవడం. ఏడాదికి 60 వేలు. పోయిన డబ్బు గురించి కాదు నా బాధ. ఆ 60 వేలు ఏ పద్దు కింద రాస్తావు? లంచాన్ని ఖర్చుగా ఆదాయపు పన్నువాళ్లు ఒప్పుకోరు. అంటే లెక్కలో లేని నగదు కావాలి. దానికోసం బిల్లు లేకుండా నూనె అమ్మాలి. కిలో 300 అనుకుంటే 200 కిలోలు. 100 కిలోల వేరుశనగ పప్పు ఆడితే 40 కిలోల నూనె దిగుతుందనుకో, 500 కిలోల పప్పుకు జవాబు చెప్పుకోవాలి. పప్పు కొన్నదానికి బిల్లుంది, నూనె అమ్మినదానికి లేదు. జీఎస్టీ అధికారికి ఈ లెక్క ఒక్క పూట పని. దాన్ని కప్పడానికి పప్పు కూడా జీరోలో, అంటే బిల్లు లేకుండా, కొంటావు. అధికారులకు చూపించని రెండో లెక్కల పుస్తకం మొదలు. ఇక ఆ సంగతి నీ గుమాస్తాకి తెలుసు, పప్పు అమ్మినవాడికి తెలుసు, లారీవాడికి తెలుసు. మరుసటేడు మామూలు 8 వేలంటే ఎవరితో చెప్పుకుంటావు? మీ వీధి కాలువ పనిలో దొంగ కొలతలు రాశారని కళ్లతో చూసినా కౌన్సిలర్ని నిలదీయలేవు. ఊళ్లలో షావుకార్లు గ్రామసభల్లో వెనక వరసలో కూర్చుని నోరు మెదపనిది పిరికితనంతోనే అనుకున్నావా? ఇంట్లో రెండో పుస్తకం ఉంటుంది.

అన్నట్టు, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మినా బిల్లు రాయి. నూనెకు రాసి చెక్కకు మరిచిపోతారు.

ఫైలు ఆగితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మండల స్థాయిలో రుసుం 5 రూపాయలు, ఆపైన 10. "నా దరఖాస్తు ఎందుకు ఆపారు" అని అడగకు, దానికి జవాబు రాదు. ఏ తేదీన ఏ అధికారి బల్ల మీదికి వెళ్లింది, అక్కడ ఎన్నాళ్లుంది, ఎన్నాళ్లలో తేల్చాలి, ఆ అధికారి హోదా ఏమిటి అని అడుగు. జవాబుకు గడువు 30 రోజులు. చాలాసార్లు జవాబుకంటే ఫైలే ముందు కదులుతుంది.

నేరుగా లంచం అడిగితే గొడవపడకు. రెండు రోజులు టైమడిగి, అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064కి ఫోన్ చెయ్యి. ఏసీబీవాళ్లు నోట్ల నంబర్లు రాసుకుని ఫినాఫ్తలీన్ పొడి పూసి ఇస్తారు. తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేటు కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ముందే వాళ్లకు చెప్పి ఇస్తే నీ మీద నేరం లేదు. గత్యంతరం లేక ఇచ్చేసినా, 7 రోజుల్లోపు చెప్పితే చట్టం నిన్ను కాస్తుంది. ఎనిమిదో రోజు కాయదు.

ఎన్నికలప్పుడు చందాకు వస్తారు. నీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ పార్టీకి చందా ఇవ్వకూడదని చట్టమే ఉందని నవ్వుతూ చెప్పు. నిండాక కూడా నగదు కుదరదు, బోర్డు తీర్మానం ఉండాలి. ఎవరు ఎవరికి ఇచ్చారో జనానికి తెలియని ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. పెద్దపెద్ద కంపెనీల పేర్లే ఆ మార్చిలో బయటికొచ్చాయి, నీ గానుగెంత?

కోపంగా రాశాననుకోకు. చిన్నప్పుడు కొట్టువాడు రూపాయి చిల్లర ఎక్కువిస్తే ఎండలో వెనక్కి పరుగెత్తి ఇచ్చొచ్చినదానివి. ఆ పిల్లకే రాస్తున్నా.

తూకం యంత్రం ముద్ర రసీదు ఫోటో పంపు. మొదటి డబ్బా మీ పెద్దమ్మకి, బిల్లుతో సహా.

ఆశీస్సులతో,
పెదనాన్న